హకీం వేలి కొస నుంచి హరారత్ కెమెరా దాకా

2020 వేసవిలో మా శాంతిపురం నుంచి ఎటు కదిలినా చెక్‌పోస్టే. కుప్పం వైపు ఊళ్ల సంగతి మీకు తెలిసిందే కదా, కాస్త ఇటు పోతే కర్ణాటక, కాస్త అటు పోతే తమిళనాడు. అమ్మీకి బీపీ మాత్రలు అయిపోతే బండి మీద బయల్దేరాను. చెక్‌పోస్టు దగ్గర ఒక కుర్రాడు తెల్ల పిస్తోలు లాంటిది నా నుదుటికి గురిపెట్టాడు. 33.9 అని పడింది. "పోండి సార్" అన్నాడు. ఒంట్లో వేడి నిజంగా అంతకు పడిపోయి ఉంటే నాకు బండి కాదు, ఆస్పత్రి మంచం కావాలి. నా వెనక ఎండలో నడిచొచ్చిన ఒక పెద్దాయన, నెత్తి మీద జుట్టు పల్చన. ఆయనకు 38.2 పడింది. పక్కన చింతచెట్టు కింద కూర్చోబెట్టారు. పాపం, ఆ మనిషి ముఖంలో ఫికర్ చూడాలి. తిరిగొచ్చేటప్పుడు చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు. అరగంట నీడపట్టున కూర్చున్నాక మళ్లీ చూస్తే 36.4. వదిలేశారు.

నా నుదుటి చెమటకు గాలి తగిలి చల్లబడింది. ఆయన నుదురు ఎండకు కాలింది. మా ఇద్దరిలో ఎవరికైనా బుఖార్ ఉందా లేదా అన్నది మాత్రం ఆ యంత్రం చెప్పనే లేదు. అది చెప్పింది చర్మం వేడి. ఒంటి వేడి వేరు, చర్మం వేడి వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం కొత్త గలత్‌ఫహమీ ఏమీ కాదు, దానికి చాలా పాత చరిత్ర ఉంది. దాన్ని తవ్వుకుంటూ పోతే నాకు మా ఇంటి సంగతే ఒకటి ఎదురైంది. అది చివర్లో చెబుతాను.

ముందు హకీంల దగ్గరికి పోదాం. మన ఇళ్లలో నానీమాలు, దాదీమాలు పిల్లల మెడ కింద చేయి పెట్టి "హరారత్ హై" అనేవాళ్లు. బుఖార్ వేరు, హరారత్ వేరు. హరారత్ అంటే ఒళ్లు కాస్త వెచ్చబడటం, ఇంకా బుఖార్ అని పేరు పెట్టలేని వేడి. ఈ మాట వాళ్లకు యూనానీ తిబ్ నుంచి వచ్చింది. ఆ తిబ్‌లో మనిషి మిజాజ్ తెలుసుకోవడానికి పది నిషానీలు చెబుతారు, అజ్నాసె అషరా అని. అందులో మొట్టమొదటిది మల్మస్, అంటే స్పర్శ. నబ్జ్ పట్టుకునే హకీం సాబ్ వేళ్లు నాడినే కాదు, చర్మాన్ని కూడా చదివేవి. వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, పొడిగా ఉందా, తడిగా ఉందా. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కన ఉన్న నిజామియా తిబ్బీ దవాఖానా వైపు ఎప్పుడైనా పోయినవాళ్లకు ఈ మాటలు కొత్త కాదు.

బూ అలీ సీనా 1025 ప్రాంతంలో పూర్తి చేసిన అల్ ఖానూన్‌లో ఒక ముచ్చటైన సంగతి ఉంది. మనిషి ఒంట్లో అన్నిటికన్నా సమతూకంగా ఉండేది చర్మమట. చర్మంలో అరచేతి చర్మం, అందులో వేళ్ల చర్మం, వేళ్లలో చూపుడు వేలి కొస. అందుకే తాకి తీర్పు చెప్పే పని ఆ వేలి కొసకు దక్కిందంటాడు. దీని మూలం అంతకు ముందరి గ్రీకు హకీం జాలీనూస్ దగ్గర ఉంది. సీనా ఇంకో షరతు కూడా పెట్టాడు. తాకి చూసినప్పుడు పోల్చుకోవాల్సింది సమశీతోష్ణ దేశంలో, సమంగా ఉన్న గాలిలో, ఆరోగ్యంగా ఉన్న మనిషి స్పర్శతో. అంటే వాతావరణం ఎలా ఉందో చూడకుండా చర్మం వేడి మీద తీర్పు చెప్పొద్దని వెయ్యేళ్ల కిందే రాసిపెట్టాడు. మా చెక్‌పోస్టు కుర్రాడికి ఎవరూ చెప్పనిది ఇదే.

వేలికి ఒక లోపం ఉంది. అది అంకె చెప్పలేదు. అంకె కోసం దునియా థర్మామీటరు దాకా ఆగాల్సి వచ్చింది. 1860లలో ఇంగ్లండు డాక్టరు ఆల్‌బట్ ఆరంగుళాల చిన్న థర్మామీటరు చేయించాడు. అది అయిదు నిమిషాల్లో లెక్క చెప్పేది. అంతకు ముందరివి అడుగు పొడవుండి, చాలాసేపు పట్టుకుని కూర్చోవాల్సినవి. జర్మనీలో వుండర్‌లిష్ వేల మంది రోగుల చంకల్లో థర్మామీటర్లు పెట్టి, 1868లో పుస్తకం అచ్చేశాడు. 37 డిగ్రీలు అన్న అంకె మన నోళ్లలో పడింది ఆయన వల్లే. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. డెన్మార్కు డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ చేతుల మీద నడిచిన ఆ చోటు క్షయకు పేరుమోసింది. దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసిన చోట్లలో అదొకటి, 1948లో. ఆ రోజుల్లో క్షయ శానటోరియం అంటే మంచం కాళ్ల దగ్గర వేలాడే జ్వరం చార్టు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గీత పైకి పోతే ఇంటివాళ్ల గుండె కిందికి జారేది. అక్కడ కొలిచింది ఒంటి లోపలి వేడి. నాలుక కిందో, చంకలోనో పెట్టి, ఓపిగ్గా ఆగి చూసింది.

చర్మం వేడిని తాకకుండా కొలవడం వేరే కథ. ఇది ఒక మ్యూజిక్ మాస్టర్‌తో మొదలైంది. విలియం హెర్షెల్ బతుకుతెరువు సంగీతం, షౌక్ నక్షత్రాలు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టింది ఆయనే. 1800లో ఎండను గాజు పట్టకం గుండా పంపి, ఏ రంగులో ఎంత వేడి ఉందో చూద్దామని ఒక్కో రంగు మీద థర్మామీటరు పెట్టాడు. ఎరుపు దాటాక, ఏ వెలుగూ పడని చోట పెట్టినదానికే ఎక్కువ వేడి తగిలింది. కంటికి కనిపించని కిరణాలు ఉన్నాయన్నమాట. ఇవాళ ఇన్‌ఫ్రారెడ్ అంటున్నది వాటినే, తెలుగులో పరారుణ కిరణాలు. తర్వాత 1830ల్లో ఇటలీలో మెలోని అనే ఆయన, రెండు లోహాల ముక్కలు అతికిస్తే వేడికి కరెంటు పుడుతుందన్న కిటుకును వాడుకుని, కొన్ని గజాల దూరంలో నిలబడ్డ మనిషి ఒంటి వేడిని సూది కదలికలో చూపించాడు. మీ ఇంట్లో ఉన్న థర్మల్ గన్ను లోపల ఉన్నది ఆయన పరికరానికి మునిమనవడే.

1934లో అమెరికాలో జేమ్స్ హార్డీ మనకు పనికొచ్చే మాట తేల్చాడు. మనిషి చర్మం ఈ కిరణాలను విడుదల చేయడంలో దాదాపు సంపూర్ణం, నూటికి 98 పాళ్లు. తెల్లగా ఉన్నా, చామనఛాయగా ఉన్నా, నల్లగా ఉన్నా అంతే. కంటికి కనిపించే రంగు ఆ కిరణాల లోకంలో లెక్కలోకే రాదు.

ఆ గన్ను తలలోకి ఏదో కిరణం పంపుతుందని 2020లో వాట్సాప్‌లో పుకార్లు తిరిగాయి గుర్తుందా? మా వీధిలో ఒక ఖాలా అయితే నుదురు చూపించకుండా మణికట్టు చాపేది. అది ఏమీ పంపదు. మన ఒంటి నుంచి వచ్చేదాన్ని తీసుకుంటుంది, అంతే. గురి చూసుకోవడానికి కొన్నిటిలో ఎర్రచుక్క ఉంటుంది, అది కళ్లలో పడకుండా చూసుకుంటే చాలు.

థర్మల్ కెమెరా కూడా ఇదే సూత్రం. కాకపోతే ఒక్క చోటును కాదు, వేల చుక్కలను ఒకేసారి కొలిచి రంగుల బొమ్మగా చూపిస్తుంది. మొదట ఇది ఫౌజుల చేతిలో ఉండేది, చీకట్లో దుష్మన్‌ను వెతకడానికి. 2003లో సార్స్ వచ్చినప్పుడు సింగపూర్ విమానాశ్రయంలో ప్రయాణికుల ముందు నిలబడింది. 2009 మే నెలలో మన దేశంలో స్వైన్ ఫ్లూ తొలి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. 2020 వచ్చేసరికి మసీదు గుమ్మం దగ్గర, రేషన్ షాపు దగ్గర, శాదీఖానా గేటు దగ్గర, అన్ని చోట్లా పిస్తోళ్లే.

మరి అంత మంచి యంత్రం మా చెక్‌పోస్టు దగ్గర ఎందుకు ఫెయిలైంది? ఒక సంగతి అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. ఈ కెమెరాలు తేడా చెప్పడంలో ఉస్తాదులు. పక్కపక్కనున్న రెండు చోట్ల మధ్య డిగ్రీలో పదో వంతు తేడా ఉన్నా పట్టేస్తాయి. అసలు అంకె ఎంత అంటే మాత్రం, మామూలు కెమెరా అటు రెండు డిగ్రీలు, ఇటు రెండు డిగ్రీలు తప్పొచ్చు. మంచి ఆరోగ్యానికీ జ్వరానికీ మధ్య ఉన్న తేడానే డిగ్రీ, డిగ్రీన్నర! అందుకే సరిగ్గా చేసేవాళ్లు మనిషి పక్కనే ఒక నల్ల పలకను పెడతారు. దాని వేడి ఎంతో ముందే కచ్చితంగా తెలుసు. కెమెరా దాన్ని చూసి తన హిసాబ్ సరిచేసుకుంటుంది. 2008లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం అర డిగ్రీకి మించి తప్పు ఉండకూడదంటుంది. గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండ, ఫ్యాను, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. బయటి నుంచి వచ్చినవాళ్లు కాసేపు లోపల కూర్చోవాలి. ఒకసారికి ఒక్కరే. కళ్లద్దాలు తీసేయాలి, ఎందుకంటే గాజు ఈ కిరణాలను ఆపేస్తుంది. కెమెరాకు కళ్లద్దాల వెనక కన్ను కనిపించదు, చల్లటి గాజే కనిపిస్తుంది. చూడాల్సింది నుదురు కాదు, ముక్కు పక్కన కంటి లోపలి మూల. అక్కడ రక్తనాళం చర్మానికి దగ్గరగా ఉంటుంది, లోపలి వేడికి దగ్గరి అంకె అక్కడ దొరుకుతుంది. టోపీ తీసిన వెంటనే నుదురు చూసినా, నఖాబ్ మీద నుంచి చూసినా వచ్చేది గలత్ అంకె. నఖాబ్ మీద చూస్తే అది గుడ్డ వేడి. వజూ చేసి తడి ముఖంతో వచ్చినా అంతే, నీళ్లు ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తాయి. చాలా గన్నులకు రెండు మీటలు ఉంటాయి, ఒకటి ఒంటి వేడికి, ఒకటి పైపై వేడికి. మొదటిది నొక్కితే చర్మం అంకెకు యంత్రమే అందాజుగా కొంత కలిపి చెబుతుంది. ఆ రోజు కుర్రాడి గన్ను ఏ మీట మీద ఉందో అల్లాహ్‌కే తెలియాలి.

ఇక్కడ మన ఇళ్లలోని ఆడవాళ్ల కోసం ఒక మాట. 1956లో కెనడా సర్జన్ రే లాసన్, రొమ్ము క్యాన్సర్ ఉన్న చోట చర్మం వేడెక్కి ఉంటుందని గమనించి రాశాడు. అప్పటి నుంచి దాన్ని కెమెరాతో పట్టాలన్న ప్రయత్నం సాగుతూనే ఉంది. 1970లలో అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్షించి, నమ్మకంగా పట్టలేకపోతోందని పక్కన పెట్టారు. ఇప్పుడు మన పక్కనే బెంగళూరులో 2016లో మొదలైన నిరామయ్ అనే కంపెనీ కంప్యూటరు లెక్కలు తోడు చేసి మళ్లీ ప్రయత్నిస్తోంది. ఎవరూ తాకరు, నొక్కరు, ఎదురుగా నిలబడి చూడరు అనేసరికి పర్దా పాటించే మన అక్కచెల్లెళ్లకు ఇది నచ్చుతుంది. అందులో తప్పు లేదు. ప్రయత్నం నడవనివ్వండి. కానీ మ్యామోగ్రామ్‌కు బదులుగా దీన్ని వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టిగా హెచ్చరించింది. గడ్డ చేతికి తగిలాక "కెమెరాలో ఏం లేదన్నారు" అని ఇంట్లో కూర్చోవడం మాత్రం చేయొద్దు.

ఈ చరిత్రలో మనకు అన్నిటికన్నా దగ్గరిది వేలూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మా వైపు ఊళ్లు చాలావరకు ఉత్తర ఆర్కాటు జిల్లావే. జిల్లా మారినా జబ్బు చేస్తే పోయే దారి మారలేదు. "వేలూరుకు తీసుకపోండి" అన్నారంటే మామూలు దవాఖానాల చేతిలో లేదని అర్థం.

ఆ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. మిషనరీల కొడుకు, 1914లో తమిళనాట కొల్లి కొండల్లో పుట్టినవాడు. ఆ రోజుల్లో కుష్ఠు అంటే వేళ్లు కుళ్లి రాలిపోతాయని జనమే కాదు, డాక్టర్లూ నమ్మేవాళ్లు. బ్రాండ్ చూసి చూసి తేల్చుకున్నది వేరు. మర్జ్ చంపేది నరాలను, వేళ్లను కాదు. నొప్పి తెలియని చేయి పొయ్యిలో పడ్డ ఆలుగడ్డను తీస్తుంది. నొప్పి తెలియని కాలు ముల్లు మీద రోజంతా నడుస్తుంది. రాత్రి నిద్రలో ఎలుక వేలు కొరుక్కుపోయినా మనిషి లేవడు. అందుకే ఆయన రోగులకు పిల్లులను పెంచుకోమని ఇచ్చాడు. మందుల చీటీలో పిల్లి! నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఇలాజ్ ఇదే.

1966లో బ్రాండ్ అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని కార్‌విల్ కుష్ఠు ఆస్పత్రికి పోయాడు. అక్కడ ఆయనకు థర్మల్ కెమెరా దొరికింది. అప్పటిదాకా అందరూ పుండు పడ్డాక చూసేవాళ్లు. ఆయనకు పుండుకు ముందు ఏం జరుగుతుందో కావాలి. ఒకే చోట పెద్ద బలం ఏమీ లేకుండానే, మామూలు ఒత్తిడి వేలసార్లు పడితే లోపల కణజాలం వాస్తుంది. వాచిన చోట రక్తం ఎక్కువై చర్మం వేడెక్కుతుంది. పైకి ఏమీ కనిపించదు. మీకూ నాకూ అయితే ఆ చోట కాస్త నొచ్చుతుంది, తెలియకుండానే అడుగు మార్చి వేస్తాం. స్పర్శ పోయినవాడు అడుగు మార్చడు. అదే చోట, అదే బలంతో నడుస్తూనే ఉంటాడు. ఒకరోజు చర్మం తెగుతుంది. కెమెరాలో ఆ చోటు తెగక ముందే మిగతా పాదం కన్నా వెలుగుతూ కనిపించింది. 1975లో బ్రాండ్, ఆయన సహచరుడు బెర్గ్‌హోల్ట్ కలిసి ఈ సంగతి ఒక వైద్య పత్రికలో రాశారు. రోగి తనకు తెలియని నొప్పిని కళ్లతో చూడొచ్చు.

కుష్ఠుకు నేర్చుకున్నది షుగర్‌కు పనికొచ్చింది. చాలా ఏళ్ల షుగర్ కూడా పాదాల నరాలను చంపుతుంది కదా. అమెరికాలో లావరీ, ఆర్మ్‌స్ట్రాంగ్ అనే డాక్టర్లు కెమెరా కూడా లేకుండా, చిన్న గన్ను లాంటి థర్మామీటరుతో పని నడిపించారు. ఒక పాదంలోని చోటును రెండో పాదంలోని అదే చోటుతో పోల్చాలి. బొటనవేలు, వేళ్ల మొదళ్ల కింద మూడు చోట్లు, పాదం మధ్య, మడమ, మొత్తం ఆరు. తేడా 2.2 డిగ్రీలు దాటితే నడక తగ్గించి డాక్టరుకు కబురు చేయాలి. 2007లో లావరీ అచ్చేసిన లెక్కల్లో ఇలా కొలుచుకున్నవాళ్లలో 8.5 శాతం మందికి పుండ్లు పడ్డాయి. మిగతావాళ్లలో దాదాపు 30 శాతం మందికి.

ఇందులో ఉన్న కిటుకు చూడండి. గన్ను ఒక డిగ్రీ తప్పు చూపిస్తే రెండు పాదాలకూ అదే తప్పు చూపిస్తుంది. తీసివేతలో తప్పు పోతుంది, తేడా మిగులుతుంది. గది చల్లగా ఉంటే రెండు పాదాలూ చల్లబడతాయి. నుదుటి మీద జ్వరం వెతికితే ఫెయిలైన యంత్రమే, పాదానికి పాదాన్ని పోల్చితే పాసైంది. ఒక్క మినహాయింపు ఉంది. కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లలో వాపు ఉన్నా చోటు వేడెక్కకపోవచ్చు. వాళ్లు అంకెను చూసి నిశ్చింతగా ఉండకూడదు. పాదం చల్లగా, నీలంగా ఉంటే అది కూడా ఖతరా నిషానీనే.

ఇక మా ఇంటి సంగతి. మా చిచ్చాకు పదిహేనేళ్లుగా షుగర్. ఒక సంతరోజు కుప్పంలో ఆయన చెప్పులో చిన్న రాయి పడింది. రాయితోనే రోజంతా తిరిగాడు. ఇంటికొచ్చి చెప్పు దులిపితే రాయి కింద పడింది, ఆయనే నవ్వాడు. తల్వా మీద గాటు కూడా లేదు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ ఫికర్ లేదు. మూడో వారానికి పాదం కింద నల్లబడింది. దవాఖానాలో రెండు వేళ్లు తీసేశారు. అన్నీ అయ్యాక చాచీ అమ్మీతో అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "రాత్రిళ్లు దుప్పటి కప్పుతుంటే ఆ కాలు వెచ్చగా తగిలేది ఆపా. చలికాలం కదా, మంచిదే అనుకున్నా."

అంటే చాచీ చేయి ముందే చెప్పింది. బూ అలీ సీనా చెప్పిన ఆ వేలి కొసలు, బ్రాండ్ కెమెరా చూపిన ఆ వేడి చోటు, రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఆ వెచ్చదనానికి మానీ ఏమిటో చెప్పేవాళ్లే లేరు.

ఇప్పుడు అబ్బాకు కూడా షుగర్. 2020లో కొన్న గన్ను అల్మారాలో పడి ఉంటే బయటికి తీశాను. ఇషా తర్వాత అబ్బా మంచం మీద కూర్చుంటారు. వజూ తడి పూర్తిగా ఆరాలి, కాళ్లు పావుగంట అలా బయట ఉండాలి, ఫ్యాను ఆపాలి. నూనె, మలాం ఏదీ రాసి ఉండకూడదు. మీట పైపై వేడి మీద పెట్టి, ప్రతి చోటుకూ ఒకే దూరంలో, నేరుగా పట్టుకుంటాను, పక్కవాటుగా పట్టుకుంటే తక్కువ చూపిస్తుంది. ఆరు చోట్లు కుడికి, ఆరు ఎడమకు. అమ్మీ పాత పాల లెక్కల పుస్తకంలో రాసుకుంటుంది. చాలా రోజులు తేడా అర డిగ్రీ, ఒక డిగ్రీ. మొన్న రంజాన్ ముందు ఎడమ చిటికెన వేలి మొదట్లో 2.6 పడింది. మర్నాడు మళ్లీ చూస్తే 2.7. పాదం చూస్తే ఏమీ లేదు, అబ్బాకు ఏమీ తెలియడం లేదు. డాక్టరుకు చూపిస్తే చెప్పులు తెమ్మన్నాడు. పండక్కని కొన్న కొత్త జోడు, ఎడమదాని పట్టీ సరిగ్గా ఆ చోటే నొక్కుతోంది. పాత చెప్పులకు మారి, అయిదు రోజులు నడక తగ్గిస్తే 0.8కి దిగింది.

ఆ కొత్త జోడు ఇంకా గడప పక్కనే ఉంది. పారేద్దామంటే, ఎనిమిది వందలు పెట్టి కొన్నాం రా అంటారు అబ్బా.